30 ఆంప్స్ ప్లగ్ కాలింది, ట్రైలర్ తలుపు నాన్నగారికి షాక్ కొట్టింది. రెండిటికీ సంబంధం ఉందా?

తెనాలి_టు_డల్లాస్ | ఆగస్టు 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దదే. చిన్న వివరం వదిలేస్తే అసలు సంగతి అందులోనే ఉంటుందేమోనని అన్నీ రాస్తున్నాను.

మేం డల్లాస్‌కి ఉత్తరాన ఉంటాం. మార్చిలో ఒక సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక లాక్కెళ్ళే చిన్న ఇల్లు లాంటిది) కొన్నాను. 24 అడుగులు, 2016 మోడల్, 30 ఆంప్స్ కనెక్షన్, పైన 13,500 బీటీయూ ఏసీ ఒకటి. ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గర నేరుగా కొన్నాను, మధ్యలో డీలర్ ఎవరూ లేరు. ట్రక్కుకి తగిలించడం, లాగడం, రివర్స్ చేయడం ఖాళీ పార్కింగ్ లాట్లో నాలుగు శనివారాలు ప్రాక్టీస్ చేశాను. కరెంటు గురించి మాత్రం ఏమీ నేర్చుకోలేదు. ప్లగ్ పెట్టడానికి నేర్చుకునేదేముంటుంది అనుకున్నాను.

మే చివర్లో తెనాలి నుంచి అమ్మానాన్న వచ్చారు. అమ్మ బయటి తిండి తినదు, నాన్నకి హోటల్ గదిలో నిద్ర పట్టదు. నిజానికి ట్రైలర్ కొన్నదే వాళ్ళ కోసం. పోయిన శుక్రవారం అందరం కలిసి మూడు గంటల దూరంలో ఉన్న ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్ళాం. తప్పు ఎవరిదో ఇంకా తేలలేదు కాబట్టి దాని పేరు రాయడం లేదు.

మా సైట్లో కరెంటు పెడస్టల్ (సాకెట్లూ బ్రేకర్లూ ఉండే చిన్న స్తంభం) వెనక మూలగా ఉంది. 20, 30, 50 మూడు సాకెట్లూ ఉన్నాయి. ట్రైలర్ కేబుల్ అందలేదు. పాత ఓనర్ ట్రైలర్‌తోపాటు ఇచ్చిన 25 అడుగుల 30 ఆంప్స్ ఎక్స్‌టెన్షన్ ఉంటే అది కలిపి 30 సాకెట్లో పెట్టాను. పెట్టేటప్పుడు చిన్న నిప్పురవ్వ కనిపించింది. బ్రేకర్ ఆన్‌లోనే ఉందని తర్వాత చూశాను. ఆ రాత్రి అంతా బాగానే నడిచింది.

శనివారం పొద్దున నాన్న బయట కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, చెప్పుల్లేకుండా తడి గడ్డి మీద నిలబడి తలుపు హ్యాండిల్ పట్టుకున్నారు. వెంటనే చెయ్యి వెనక్కి లాగేసుకున్నారు. "జివ్వుమందిరా" అన్నారు. నేను పట్టుకుంటే ఏమీ అనిపించలేదు. నా కాళ్ళకి బూట్లున్నాయి. ఎండిన గాలికి అలా కొడుతుందిలే అనుకుని వదిలేశాం.

మధ్యాహ్నం 102 డిగ్రీల ఫారన్‌హీట్. ఏసీ ఆగకుండా నడుస్తోంది. అమ్మ ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు పెట్టింది. పాపకి స్నానం చేయిద్దామని మా ఆవిడ పొద్దున వేసినట్టే వాటర్ హీటర్ ఎలక్ట్రిక్ స్విచ్ మళ్ళీ వేసింది. పది నిమిషాలకి పెడస్టల్లో బ్రేకర్ పడిపోయింది. వెళ్ళి వేశాను. మళ్ళీ పడింది. మళ్ళీ వేశాను. మూడోసారి నిలబడింది, అప్పటికి పప్పు అయిపోయింది. ఇంకో అరగంటకి కిటికీలోంచి ప్లాస్టిక్ కాలిన వాసన. పరుగెత్తి బ్రేకర్ ఆపి ప్లగ్ లాగాను. ఏటవాలుగా ఉండే రెండు పిన్నుల్లో ఒకటి నల్లగా, అంచున నీలంగా తిరిగింది. దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అప్పడంలా పొంగి గోధుమ రంగుకి వచ్చింది. వేలు పెడితే చురుక్కుమంది. రెండో పిన్ను, గుండ్రటి పిన్ను మామూలుగానే ఉన్నాయి. సామాను సర్దుకుని ఇంటికి వచ్చేశాం.

ఇంకో మాట. ఇంటి దగ్గర అడాప్టర్ పెట్టి, ట్రైలర్ కేబుల్‌ని నేరుగా గ్యారేజీ ప్లగ్‌కి కలుపుతుంటాను. ఫ్రిజ్, లైట్లు బాగానే నడుస్తాయి. వాటర్ హీటర్ స్విచ్ వేస్తే మాత్రం ఆ ప్లగ్ మీదుండే బుల్లి బటన్ టప్పున పడిపోతుంది. 15 ఆంప్స్ చాలడం లేదనుకున్నాను.

ఇప్పుడు నా సందేహాలు. ప్లగ్ కాలడం పెడస్టల్ తప్పా, నా తప్పా? అడాప్టర్ కొనుక్కుని 50 సాకెట్లో పెడితే ఈ గొడవ ఉండదా? నాన్నకి తగిలిన షాక్‌కీ దీనికీ సంబంధం ఉందా? లేబర్ డేకి (సెప్టెంబరు మొదట్లో ఇక్కడ వచ్చే సెలవు) మళ్ళీ బుకింగ్ ఉంది. నాన్న "నేను రానులే, మీరు వెళ్ళి రండి" అంటున్నారు. ఆ మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఫీనిక్స్_ఎండ | ఆగస్టు 6, రాత్రి 10:15

బ్రదర్, ముందు ఒక ఈఎమ్‌ఎస్ (ఎలక్ట్రికల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, వచ్చే కరెంటుని పరీక్షించే పెట్టె) కొనండి. మామూలు సర్జ్ ప్రొటెక్టర్ కాదు, పూర్తి ఈఎమ్‌ఎస్. పెడస్టల్‌కీ మీ కేబుల్‌కీ మధ్య పెట్టాలి. ఎర్త్ లేకపోయినా, వైర్లు తారుమారైనా కరెంటు లోపలికి రానివ్వదు. చాలా మోడల్స్ 104 వోల్ట్స్ కంటే తగ్గినా, 132 దాటినా కట్ చేసేస్తాయి. మా అరిజోనాలో జూలైలో సాయంత్రం నాలుగు గంటలకి క్యాంప్‌గ్రౌండ్ మొత్తం ఏసీలు వేసుకుంటే వోల్టేజ్ పడిపోతుంది. పోయిన ఏడాది నాది 103 చూపించి ఆపేసింది. వోల్టేజ్ తగ్గితే కంప్రెసర్ అదే పని చేయడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కి పాడవుతుంది. ఆ రోజు అది లేకపోతే ఏసీ పోయేది.

50 నుంచి 30కి మార్చే అడాప్టర్ వాడొచ్చు, నేనూ వాడతాను. 50 సాకెట్ ఎక్కువ బిగువుగా ఉంటుందని నా అనుభవం. నాన్నగారి షాక్ కూడా పెడస్టల్లో ఎర్త్ లేకే అయ్యుంటుంది. ఈఎమ్‌ఎస్ ఉంటే అదీ పట్టుకునేది.

రామగుండం_మెయింటెనెన్స్ | ఆగస్టు 7, ఉదయం 6:05

బాబూ, ప్లగ్ సంగతి తర్వాత. ముందు నాన్నగారి షాక్ గురించి మాట్లాడుకుందాం. అది ఎండిన గాలికి తగిలింది కాదు. తడి కాళ్ళకి తగిలి, బూట్లేసుకున్న మీకు తగలలేదంటే మీ ట్రైలర్ ఒంట్లోకి కరెంటు వచ్చినట్టే. ఇక్కడ దీన్ని హాట్ స్కిన్ అంటారు. కారణం దొరికేదాకా ఆ ట్రైలర్‌ని ఎక్కడా, ఇంట్లో కూడా, కరెంటుకి కలపొద్దు. పాపని దగ్గరికి రానివ్వొద్దు. నేను రామగుండంలో పదకొండేళ్ళు ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేశాను, ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్ళు. 120 వోల్ట్సే కదా, మన 230లో సగమే కదా అని మనవాళ్ళు తేలిగ్గా తీసుకోవడం చాలాసార్లు చూశాను. తడి నేల మీద ఉత్త కాళ్ళకి 120 చాలు.

ఎలా వచ్చిందో చెప్తాను. మనం ఫేజ్ అనేదాన్ని ఇక్కడ హాట్ అంటారు, మన ఎర్త్‌ని గ్రౌండ్ అంటారు. ట్రైలర్‌కి ఇలా కేబుల్ మీద తీసుకునే కరెంటుని షోర్ పవర్ అంటారు, ఆ మాటే ఓడల నుంచి వచ్చింది. రేవులో ఆగిన ఓడ తన జనరేటర్ ఆపేసి ఒడ్డు నుంచి కేబుల్ మీద కరెంటు తీసుకుంటుంది. ట్రైలర్ కూడా అంతే. నేల మీద ఉన్నట్టే కనిపిస్తుంది గానీ రబ్బరు టైర్ల మీదా, జాకుల కింద పెట్టిన చెక్క ముక్కల మీదా ఉంటుంది. జాకు మట్టిని తాకినా అది ఎర్త్ కిందికి రాదు. ట్రైలర్‌కి ఉన్న ఎర్త్ అల్లా ఆ కేబుల్లో ఉన్న ఒక్క ఆకుపచ్చ వైరు. ఆ వైరు ఎక్కడ తెగినా, లోపల ఏదో ఒక వస్తువు నుంచి కొంచెం కరెంటు బాడీకి కారితే, దానికి వెళ్ళే దారి ఉండదు. తడి కాళ్ళతో తలుపు పట్టుకున్న మనిషే దారి అవుతాడు.

అంటే మీ దగ్గర ఒకటి కాదు, రెండు లోపాలున్నాయి. లోపల లీకేజీ ఒకటి, ఎర్త్ తెగడం ఒకటి.

లీకేజీ ఎక్కడో మీరే రాశారు. గ్యారేజీ ప్లగ్ మీద పడిపోయే బటన్ జీఎఫ్‌సీఐ. అది ఎక్కువ కరెంటు వాడితే పడేది కాదు. హాట్‌లో వెళ్ళిన కరెంటు న్యూట్రల్లో తిరిగి రాకపోతే, 5 మిల్లీ ఆంప్స్ తేడా వచ్చినా పడుతుంది. మీ హీటర్ 1400 వాట్స్ ఉంటుంది, అంటే సుమారు 12 ఆంప్స్. 15 ఆంప్స్ ప్లగ్ మీద అదొక్కటే వేస్తే ఆగాలి. వేసిన క్షణంలోనే పడుతోందంటే హీటర్ ఎలిమెంట్ నుంచి కరెంటు ట్యాంకుకి కారుతోంది. ట్యాంకులో నీళ్ళు నింపకుండా స్విచ్ వేస్తే ఎలిమెంట్ నిమిషాల్లో కాలి పగిలిపోతుంది. పాత ట్రైలర్లలో ఇది మామూలే. మీ గ్యారేజీ ప్లగ్ మీకు మార్చి నుంచీ చెబుతూనే ఉంది. పార్కుల్లో 30 ఆంప్స్ సాకెట్‌కి మామూలుగా ఆ జీఎఫ్‌సీఐ ఉండదు, అందుకే అక్కడ ఏమీ పడలేదు.

ఇక ఎర్త్. పెడస్టల్లో తెగి ఉండొచ్చు, ఎక్స్‌టెన్షన్లో తెగి ఉండొచ్చు, ట్రైలర్ కేబుల్లో తెగి ఉండొచ్చు. ఇంటి దగ్గర ఎక్స్‌టెన్షన్ వాడలేదన్నారు. అక్కడ వాడారు. నా చూపు దాని మీదే ఉంది. ఆ ఎక్స్‌టెన్షన్ ప్లగ్ కంపెనీ నుంచి పోతపోసి వచ్చినట్టు ఒకే ముక్కగా ఉందా, లేక స్క్రూలు విప్పితే తెరుచుకునే రకమా? స్క్రూలుంటే పాత ఓనర్ ఎప్పుడో మార్చాడన్నమాట.

పదిహేను ఇరవై డాలర్ల మల్టీమీటర్ ఒకటి తెచ్చుకోండి. అన్ని ప్లగ్గులూ పీకేసి, మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టండి. ఒక ముల్లు ట్రైలర్ కేబుల్ గుండ్రటి పిన్ను (అదే ఎర్త్ పిన్ను) మీద, రెండోది ట్రైలర్ ఛాసిస్ మీద రంగు లేని చోట, ఏదైనా బోల్టు మీద. ఒక ఓమ్ లోపు రావాలి. తర్వాత ఎక్స్‌టెన్షన్ కలిపి, దాని గుండ్రటి పిన్ను నుంచి మళ్ళీ చూడండి. అక్కడ మీటర్ ఏమీ చూపించకపోతే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత హీటర్ దగ్గర ఎలిమెంట్‌కి వచ్చే రెండు వైర్లు విప్పి, దాని రెండు కొసల మధ్య కొలవండి. 1400 వాట్స్‌ది అయితే 10 ఓమ్స్ పైచిలుకు రావాలి. ఒక కొస నుంచి ట్యాంకు లోహానికి కొలిస్తే అసలేమీ రాకూడదు. ఏదైనా అంకె వచ్చిందంటే ఎలిమెంట్ మార్చాలి. వైర్లు విప్పడం అలవాటు లేకపోతే ఆ పని మొబైల్ ఆర్‌వీ టెక్నీషియన్‌కి (మన దగ్గరికే వచ్చి ఇలాంటి ట్రైలర్లు బాగుచేసేవాళ్ళకి) ఇవ్వండి, ఇందులో నామోషీ ఏం లేదు.

కాలిన పిన్ను సంగతి. గుండ్రటి పిన్ను బాగుండి ఏటవాలు పిన్ను ఒక్కటే కాలిందంటే ఆ చోట పట్టు వదులైంది. 25, 30 ఆంప్స్ వెళ్ళే చోట పట్టు వదులైతే అక్కడే వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. వదులు సాకెట్ లోపలి క్లిప్పుల్లో ఉండొచ్చు, ప్లగ్ లోపలి స్క్రూ దగ్గరా ఉండొచ్చు. ఏదైనా సరే, క్యాంప్‌గ్రౌండ్‌కి ఫోన్ చేసి ఆ సైటు నంబరు చెప్పి సాకెట్ మార్చమనండి. ఒకసారి అంత వేడెక్కిన క్లిప్పులకి స్ప్రింగు పోతుంది, తర్వాత వచ్చేవాళ్ళ ప్లగ్ కూడా కాలుతుంది.

బ్రేకర్ పడటం దాని ధర్మం. ఏసీ 13, హీటర్ 12, ఇన్‌స్టంట్ పాట్ 8, ఫ్రిజ్, బ్యాటరీ ఛార్జరు కలిపి ఇంకో ఆరేడు. దాదాపు 40 ఆంప్స్ అయింది. పడిన బ్రేకర్‌ని లోపల ఏదీ ఆపకుండా మళ్ళీ మళ్ళీ వేయకండి. 30 బ్రేకర్ మీద గంటల తరబడి నడిచే లోడ్ 24 దాటకుండా చూసుకోవాలి.

ఫీనిక్స్ సోదరుడు చెప్పిన ఈఎమ్‌ఎస్ మంచిదే, కొనండి. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. అది తనకి వెనకాల, అంటే పెడస్టల్ వైపు ఉన్నదాన్నే చూడగలదు. పెడస్టల్ దగ్గర పెట్టి దాని తర్వాత ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే, ఎక్స్‌టెన్షన్లో ఎర్త్ తెగినా దానికి తెలియదు, పచ్చ లైటే వెలుగుతుంది. ఎక్స్‌టెన్షన్ వాడక తప్పకపోతే దాని చివర, ట్రైలర్ కేబుల్‌కి ముందు పెట్టండి. ట్రైలర్ లోపల శాశ్వతంగా బిగించే రకమైతే దారి మొత్తం చూస్తుంది.

50 సాకెట్ గురించి. దానికి నాలుగు పిన్నులు, అందులో రెండు హాట్. ఒక్కోదానికీ న్యూట్రల్‌కీ మధ్య 120, ఆ రెండిటి మధ్య 240. సరైన అడాప్టర్ ఒక హాట్‌నే తీసుకుంటుంది, మీ ట్రైలర్ మెయిన్ బ్రేకర్ 30 కాబట్టి లోపలికి అంతకు మించి రాదు. కనుక వాడొచ్చు. కానీ కేబుల్ బాగుంటేనే. పాడైన ఎక్స్‌టెన్షన్ వెనకాల 30కి బదులు 50 బ్రేకర్ పెడితే అది ఇంకా ఆలస్యంగా పడుతుంది.

ఇంట్లో 30 ఆంప్స్ ప్లగ్ పెట్టించుకోవాలనుకుంటే ఇంకో జాగ్రత్త. మా సబ్‌డివిజన్‌లో ఒకాయన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి "30 ఆంప్స్ ప్లగ్ పెట్టు" అన్నాడు. వచ్చినతను బట్టల డ్రయ్యర్ ప్లగ్ అనుకుని 240 ఇచ్చాడు. ట్రైలర్ కలిపిన మొదటి నిమిషంలోనే మైక్రోవేవ్, ఛార్జర్, టీవీ మూడూ పోయాయి. ట్రైలర్ 30 ఆంప్స్ ప్లగ్ అసలు పేరు టీటీ 30. "టీటీ 30, 120 వోల్ట్స్, సింగిల్ పోల్ బ్రేకర్" అని కాగితం మీద రాసి ఇవ్వండి. పని అయ్యాక ట్రైలర్ కలపకముందే మీటర్‌తో మీరే కొలవండి.

కొలిచాక ఏం వచ్చిందో ఇక్కడ రాయండి. ఎదురు చూస్తుంటాను.

గోదారి_గట్టు | ఆగస్టు 7, మధ్యాహ్నం 1:20

తమ్ముడూ, కరెంటు పెద్దాయన చెప్పినట్టే చెయ్యి. నేను వంటింటి వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే మాకు బ్రేకర్ పడిన ప్రతిసారీ కారణం వంటే.

మాదీ 30 ఆంప్స్ ట్రైలరే. అత్తయ్యా మామయ్యా ఏడాది విడిచి ఏడాది వస్తారు, ఐదుగురం వెళ్తాం. ఫ్రిజ్ తలుపు మీద తెలుగులో ఒక కాగితం అంటించాను. ఏసీ 13, వాటర్ హీటర్ 12, మైక్రోవేవ్ 12, హెయిర్ డ్రయ్యర్ 12, ఇన్‌స్టంట్ పాట్ 8, మిక్సీ 6. కింద పెద్ద అక్షరాలతో "ఏసీ వేసి ఉంటే ఇంకొక్కటే" అని రాశాను. అత్తయ్యకి ఇంగ్లీషు రాకపోయినా ఇప్పుడు ఆవిడే మమ్మల్ని హెచ్చరిస్తుంది. "మిక్సీ వేస్తున్నా, ఆ నీళ్ళ స్విచ్ తియ్యండర్రా" అని కేకేస్తుంది.

వాటర్ హీటర్‌కి గ్యాస్ కూడా ఉంటుంది చూడు, ఎండాకాలం దాన్ని గ్యాస్ మీదే నడిపించు. ఫ్రిజ్ కూడా రెండు రకాలుగా నడిచేదైతే గ్యాస్‌కి మార్చుకో. దాంతోనే సగం భారం తగ్గుతుంది. పప్పుకి ఇన్‌స్టంట్ పాట్ బదులు మామూలు కుక్కర్ తీసుకెళ్ళి గ్యాస్ పొయ్యి మీద పెట్టు. పొయ్యి వెలిగించినప్పుడు పైన వెంటూ, పక్కన కిటికీ ఒకటీ తప్పకుండా తెరవాలి.

కుక్కర్ ఎందుకంటున్నానంటే, మేం గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో ట్రైలర్ విలేజ్‌లో మూడు రాత్రులు ఉన్నాం. అక్కడ నీళ్ళు, కరెంటు, మురుగు మూడూ సైటు దగ్గరే. పక్కనున్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు సైట్లు ఉండవు, పెద్దవాళ్ళతో బుక్ చేసేటప్పుడు అది చూసుకోవాలి. ఆ చోటు 7,000 అడుగుల ఎత్తు. నీళ్ళు 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన కందిపప్పు రెండు గంటలకీ పలుకు మీదే ఉంది. మా మామయ్య ఓపిగ్గా కూర్చుని పెరుగన్నం తిని లేచాడు. మర్నాడు మూడు గంటలు డ్రైవ్ చేసి ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్ళి వచ్చి కుక్కర్ కొన్నాం.

ఊరి నుంచి తెచ్చుకున్న 230 వోల్ట్స్ మిక్సీ ఇక్కడ నడవదు, గింజ నలగదు. 110ది కొనుక్కోండి, అమ్మకి చట్నీ విషయంలో ఇబ్బంది ఉండదు.

తెనాలి_టు_డల్లాస్ | ఆగస్టు 11, సాయంత్రం 5:50

ముందుగా రామగుండం గారికి నా నమస్కారం. మీరు చూపించిన వరుసలోనే కొలిచాను, నాన్న పక్కన కూర్చుని అంకెలు నోట్ చేశారు.

ట్రైలర్ కేబుల్ గుండ్రటి పిన్ను నుంచి ఛాసిస్‌కి 0.4 ఓమ్స్. ఎక్స్‌టెన్షన్ కలిపాక మీటర్ ఏమీ చూపించలేదు. ప్లగ్ ఊపి, తిప్పి, వంచి చూశాను. ఒకచోట మాత్రం అంకె మెరిసి మళ్ళీ పోయింది.

ప్లగ్ మీరన్నట్టే స్క్రూలు ఉన్న రకం. మురికి పట్టి నేనెప్పుడూ గమనించలేదు. విప్పాం. ఆకుపచ్చ వైరు స్క్రూ కింద నుంచి బయటికి వచ్చేసి ఉంది. దాని రాగి పోగుల్లో సగం కత్తిరించేసి, మిగిలిన సగాన్ని స్క్రూ కింద దూర్చినట్టున్నారు. ఆ పోగులు తెగి, ప్లగ్ అడుగున నాలుగైదు వెంట్రుకల్లా పడి ఉన్నాయి. కాలిన పిన్ను వైపు స్క్రూ చేత్తోనే తిరిగింది, స్క్రూడ్రైవర్ అక్కర్లేకపోయింది. దాని చుట్టూ ఇన్సులేషన్ బొగ్గైంది. పట్టు వదులైందీ, ఎర్త్ తెగిందీ ఆ ఒక్క ప్లగ్‌లోనే. నేను వారం రోజులుగా మనసులో క్యాంప్‌గ్రౌండ్‌ని తిట్టుకుంటున్నాను. అది న్యాయం కాదు. వాళ్ళకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. సాకెట్ ఎలాగూ మారుస్తామన్నారు, చెప్పినందుకు థాంక్స్ అన్నారు.

హీటర్ దగ్గర రెండు కొసల మధ్య 10.6 వచ్చింది, అది బాగానే ఉందనుకున్నాను. కొస నుంచి ట్యాంకుకి కొలిస్తే 2,000 ఓమ్స్ దగ్గర ఊగిసలాడింది. టెక్నీషియన్‌ని పిలిచాను. ట్యాంకు ఖాళీ చేసి ఎలిమెంట్ బయటికి తీశాడు. మధ్యలో నిలువునా పగులు, పగులు చుట్టూ తెల్లగా సున్నం. కొత్తది వేసి, ట్యాంకు నింపి, వేడి నీళ్ళ కుళాయిలో గాలి పోయి నీళ్ళు ధారగా వచ్చాకే స్విచ్ వేశాడు. గ్యారేజీ బటన్ పడలేదు. పది నిమిషాలు అక్కడే నిలబడి చూశాం.

ఆ ఎక్స్‌టెన్షన్‌ని ఇంకెవరూ తీసి వాడకుండా నాలుగు ముక్కలు చేసి పారేశాను. 10 గేజ్ మందం వైరుది, పోతపోసిన ప్లగ్గులున్నది కొత్తది కొన్నాను. ఈఎమ్‌ఎస్ కూడా వచ్చింది. అక్కా, కాగితం మా అమ్మ రాసింది, ఇడ్లీ పిండి డబ్బా పక్కన అంటించింది.

ఒక్క అనుమానం. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ వరుస ఏమిటి?

రామగుండం_మెయింటెనెన్స్ | ఆగస్టు 11, రాత్రి 8:30

చాలా సంతోషం బాబూ. 2,000 ఓమ్స్ అంటే 60 మిల్లీ ఆంప్స్ దాకా రావడానికి అవకాశం ఉన్న లీకేజీ. నాన్నగారు హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకోకుండా వెంటనే వదిలేయగలిగారు, అది అదృష్టం.

వరుస ఇదీ. వెళ్ళగానే సాకెట్ మొహం చూడండి. గోధుమ మరకలు, పగుళ్ళు ఉంటే సైటు మార్చమనండి. ట్రైలర్ లోపల ఏసీ, హీటర్ ఆఫ్. పెడస్టల్ బ్రేకర్ ఆఫ్. ముందు ఒక్క ఈఎమ్‌ఎస్‌నే పెట్టి బ్రేకర్ వేసి వోల్టేజ్ చూడండి. బాగుంటే మళ్ళీ ఆపి, అప్పుడు ఎక్స్‌టెన్షన్, దాని చివర ఈఎమ్‌ఎస్, ఆ తర్వాత ట్రైలర్ కేబుల్. ట్రైలర్ వైపు కొస తిప్పి, రింగు బిగేదాకా బిగించండి. అప్పుడు బ్రేకర్. ఆఖర్న ఏసీ. గంట తర్వాత వెళ్ళి ప్లగ్‌ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత ఉంటే ఆపేయండి. వచ్చేటప్పుడు ముందు ఏసీ, తర్వాత బ్రేకర్, తర్వాత ప్లగ్. ఏసీ ఆగితే మళ్ళీ వేయడానికి కనీసం మూడు నిమిషాలు ఆగండి.

తెనాలి_టు_డల్లాస్ | సెప్టెంబరు 3, రాత్రి 10:05

ఇంక్స్ లేక్ స్టేట్ పార్క్‌లో మూడు రాత్రులు ఉండి ఈ రోజే వచ్చాం. నాన్న కూడా వచ్చారు. పెడస్టల్ దగ్గర 119, మధ్యాహ్నం ఎండలో 113. బ్రేకర్ ఒక్కసారీ పడలేదు. గంటకోసారి ప్లగ్ తాకి చూసే పని నాన్నే తీసుకున్నారు. పెన్నులాంటి టెస్టర్‌ని తలుపుకీ, మెట్లకీ, ఛాసిస్‌కీ ఆనించి ఆయనకి చూపించాను, ఎక్కడా మోగలేదు. అయినా నాన్న లోపలికి వచ్చే ప్రతిసారీ ముందు చెప్పులేసుకుని, హ్యాండిల్‌ని చేతి వెనక భాగంతో ఒకసారి తాకి, ఆ తర్వాతే పట్టుకుంటున్నారు.